బ్లిక్లింగ్ హాల్

ఇంగ్లండ్ తూర్పు భాగంలో నార్ఫోక్ కౌంటీ ఉంది. అక్కడ నార్విచ్ నగరానికి ఉత్తరాన సుమారు 15 మైళ్ళ దూరంలో, ఐల్షమ్ అనే చిన్న ఊరి పక్కన, బ్లిక్లింగ్ పల్లెలో నిలిచి ఉన్న ఎర్ర ఇటుకల దొరల భవనం బ్లిక్లింగ్ హాల్. సర్ హెన్రీ హోబార్ట్ అనే న్యాయమూర్తి 1616లో ఈ స్థలం కొని, రాబర్ట్ లైమింజ్ అనే వాస్తుశిల్పి చేత కట్టించాడు. మొదటి జేమ్స్ రాజు ఏలుబడిలో (1603–1625) ఇంగ్లండులో రూపుదిద్దుకున్న నిర్మాణశైలిని ఆ రాజు పేరిటే జాకోబియన్ శైలి అంటారు. ఆ శైలిలో మిగిలిన గొప్ప ఇళ్ళలో ఇదొకటి. 1940 నుంచి, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీనికి యజమాని.

ఇంగ్లీషువాళ్ళు ‘కంట్రీ హౌస్’ అనేది పల్లెటూరి ఇల్లు కాదు. వేల ఎకరాల భూమికి యజమాని అయిన కుటుంబం, ఆ భూమి మీద వచ్చే శిస్తుతో, ఆ భూమి నడుమనే కట్టుకున్న నివాసం. రాజు విడిది చేసినా లోటు రానంత పెద్దగా, తరతరాల అంతస్తు ప్రకటించేలా కట్టేవారు. బ్లిక్లింగ్‌లోనూ ఆ గొప్పలన్నీ ఉన్నాయి. అయినా ఈ ఇంటిని ఇంత అందంగా మలచింది డబ్బు కంటే ఎక్కువగా రెండు ఇబ్బందులు. నార్ఫోక్‌లో మంచి రాయి దొరకదు, పునాదుల చుట్టూ అప్పటికే ఒక పాత అగడ్త ఉంది. ఈ రెండూ తెలిస్తే ఇంటి రూపం దానంతటదే అర్థమవుతుంది.

రాయి లేని నేల

నార్ఫోక్ నేలలో విరివిగా దొరికే రాయి చెకుముకి రాయి ఒక్కటే. అది గుండ్రంగా, గట్టిగా, చిన్నచిన్న ముద్దలుగా ఉంటుంది. గోడ మధ్యలో నింపడానికి పనికొస్తుంది గానీ మూల కట్టడానికీ కిటికీ చట్రం చెక్కడానికీ లొంగదు. 1096లో మొదలైన నార్విచ్ కేథడ్రల్ కోసం సముద్రం అవతల ఫ్రాన్సులోని కాన్ నుంచి రాయిని ఓడల్లో తెప్పించారు. చర్చికి తగిన ఆ ఖర్చు ఇంటికి తగదు. కాబట్టి చూపు కాళ్ళ కింది మట్టి మీదికి మళ్ళింది.

ఇటుకను ఇంగ్లండుకు తెచ్చింది రోమన్లు. అయిదో శతాబ్దంలో వాళ్ళు వెళ్ళిపోయాక ఆ విద్య దాదాపు అడుగంటింది. వందల ఏళ్ళపాటు రోమన్ శిథిలాల్లోంచి ఏరుకున్న ఇటుకలనే మళ్ళీ వాడుకున్నారు. పదమూడో శతాబ్దం చివరికి సఫోక్‌లోని లిటిల్ వెన్‌హామ్ హాల్ వంటి కొన్ని కట్టడాల్లో కొత్తగా కాల్చిన ఇటుక కనిపిస్తుంది. ఉన్ని వ్యాపారం వల్ల తూర్పు తీరపు రేవులకు ఫ్లాండర్స్, హాలండ్‌లతో రాకపోకలుండేవి. రాయి లేని ఆ దేశాలు ఇటుక పనిలో అప్పటికే ఆరితేరాయి. వాళ్ళ విద్య, వాళ్ళ అలంకారాలు ఈ తీరానికి సులువుగా చేరాయి.

పదిహేనో శతాబ్దానికి ఇటుక గొప్పింటి గుర్తు అయింది. టాటర్‌షాల్ కోట, హర్స్ట్‌మాన్సూ కోట, నార్ఫోక్‌లోనే ఉన్న ఆక్స్‌బరో హాల్ ఆ శతాబ్దపు ఇటుక కట్టడాలే. అదే కౌంటీలో సర్ జాన్ ఫాస్టాల్ఫ్ అనే సేనాని 1432లో కేస్టర్ కోటను ఇటుకతో కట్టడం మొదలుపెట్టాడు. షేక్స్‌పియర్ పాత్ర ఫాల్‌స్టాఫ్‌కు పేరిచ్చింది ఈయన పేరే. ఆ రోజుల్లో బ్లిక్లింగ్ కూడా ఆయనదే. అంటే, ఇప్పుడున్న ఇల్లు పుట్టడానికి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే ఈ ఎస్టేటు యజమానికి ఇటుక మీద గురి ఉందన్నమాట.

ఇటుకను దగ్గరగా చూస్తే

బ్లిక్లింగ్ గోడ దగ్గర నిలబడి చూసేవాళ్ళకు మొదట తెలిసేది ఏ రెండు ఇటుకలూ ఒక్కలా లేకపోవడం. ఒకటి దానిమ్మ గింజ రంగు, పక్కది నారింజ, ఆ పైది మాడిన ఊదా. మట్టిలోని ఇనుము వల్ల ఎరుపు వస్తుంది. మంటకు దగ్గరగా ఉన్నది ముదురుతుంది, దూరంగా ఉన్నది లేతగా మిగులుతుంది. యంత్రం చేసిన ఇటుక గోడ ఒకే రంగు పూసినట్టుంటే, ఈ గోడ నేసిన బట్టలా ఉంటుంది.

ఆ కాలంలో ఇటుక పని ఋతువులను బట్టి సాగేది. శరదృతువులో మట్టి తవ్వి కుప్ప పోసేవారు. చలికాలపు మంచు ఆ గడ్డలను పొడి చేసేది. వసంతంలో నీళ్ళు పోసి తొక్కి, చెక్క అచ్చుల్లో పోసి, వరసలుగా పేర్చి ఆరబెట్టేవారు. ఎండాకాలంలో బట్టీ పేర్చి కాల్చేవారు. పెద్ద ఇల్లు కట్టాలంటే లక్షల ఇటుకలు కావాలి. బండ్ల మీద దూరం తోలితే ధర పెరుగుతుంది కనుక వీలైనంతవరకు పని స్థలానికి దగ్గరలోనే మట్టి తవ్వి కాల్చుకునేవారు. అందుకే ఇలాంటి ఇళ్ళు తమ చుట్టూ ఉన్న నేల రంగులోనే ఉంటాయి.

అప్పటి ఇటుక పొడవు సుమారు తొమ్మిది అంగుళాలు, మందం రెండు అంగుళాల పైచిలుకు. ఇవాళ్టి ఇటుక కంటే పలుచన. పలుచని ఇటుక లోపలిదాకా సమంగా కాలుతుంది, మేస్త్రికి ఒక్క చేత్తో ఎత్తడానికి వీలుగా ఉంటుంది. కట్టే పద్ధతిలో ఒక వరస అంతా ఇటుకలను పొడవుగా, దాని మీది వరస అంతా అడ్డంగా పేర్చడం పదహారు, పదిహేడు శతాబ్దాల వాడుక. దీన్ని ఇంగ్లీష్ బాండ్ అంటారు. అడ్డంగా పెట్టిన ఇటుక గోడ లోపలికి చొచ్చుకుపోయి రెండు ముఖాలనూ కలిపి కుడుతుంది. ఒకే వరసలో పొడుగు, అడ్డం మార్చి మార్చి పెట్టే ఫ్లెమిష్ బాండ్ 1631లో లండన్ పక్కన కట్టిన క్యూ ప్యాలెస్‌తో పేరుకెక్కింది. బ్లిక్లింగ్ దానికి ముందుతరం ఇల్లు.

ఇటుకల మధ్య ఉన్నది సున్నం. ఇలాంటి ఇంటికి ప్రాణం ఆ సున్నమే. పాత ఇటుక మెత్తనిది, వాన నీటిని కొంత పీల్చుకుంటుంది. ఎండ రాగానే ఆ తడి సున్నపు సందుల్లోంచి ఆవిరై పోతుంది. ఆ సందుల్లో సిమెంటు పూస్తే తడికి దారి మూసుకుపోయి, అది ఇటుక ముఖం గుండా బయటికి రావాల్సి వస్తుంది. చలికాలంలో ఆ తడి గడ్డకట్టి ఉబ్బితే ఇటుక ముఖం పొరలుగా రాలిపోతుంది. గోడ కంటే సందు మెత్తగా ఉండాలి. పాత కట్టడాల మరమ్మతు చేసే మేస్త్రులందరూ పాటించే నియమం ఇది. ఇంగ్లండులో మంచి మరమ్మతు అంటే ఇవాళ్టికీ సున్నంతో చేసేదే.

పాత అగడ్త, కొత్త ఇల్లు

బ్లిక్లింగ్‌లోని పాత ఇంటిని 1390ల్లో సర్ నికొలస్ డాగ్‌వర్త్ అనే యోధుడు కట్టించాడు. చుట్టూ అగడ్త తవ్వించింది ఆయనే. తరవాత అది ఫాస్టాల్ఫ్‌కు, ఆయన నుంచి జెఫ్రీ బొలీన్‌కు చేరింది. జెఫ్రీ 1457లో లండన్ మేయరు అయిన వర్తకుడు. ఆయన మునిమనవరాలే ఎనిమిదో హెన్రీ రాణి అయి, అతని ఆజ్ఞతోనే 1536లో తల కోల్పోయిన ఆన్ బొలీన్. ఆమె ఈ పాత ఇంట్లోనే పుట్టిందని పండితులు ఎక్కువమంది భావిస్తారు. ఇప్పుడు కనిపించే ఇల్లు మాత్రం ఆమె పోయిన ఎనభై ఏళ్ళ తరవాతిది.

హోబార్ట్ 1613 నుంచి కామన్ ప్లీస్ న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి. చేతిలో పదవి, డబ్బు ఉన్నాయి. 1616లో పాత ఇల్లు కొన్నాక తన అంతస్తుకు తగ్గ వాస్తుశిల్పిని వెతికాడు. ప్రధానమంత్రి స్థాయిలో రాజ్యం నడిపిన రాబర్ట్ సెసిల్ కోసం హాట్‌ఫీల్డ్ హౌస్‌ను అప్పుడప్పుడే పూర్తి చేసిన లైమింజ్ దొరికాడు. వడ్రంగం నుంచి వచ్చినవాడు లైమింజ్. నాలుగు మూలల బురుజులు, వాటి మీద సీసపు టోపీలు, నడుమ గడియారపు గోపురం, ఎర్ర ఇటుకకు అంచుగా తెల్లని రాయి, ఇవన్నీ అతను హాట్‌ఫీల్డ్‌లో చేసి చూపినవే.

తేడా స్థలంలో ఉంది. హాట్‌ఫీల్డ్ ఆరుబయట రెక్కలు చాచి నిలబడుతుంది. బ్లిక్లింగ్‌లో పాత అగడ్తను పూడ్చకుండా దాని లోపలే కట్టాల్సి వచ్చింది, పైగా పాత ఇంటి పశ్చిమ భాగాన్ని హోబార్ట్ పడగొట్టలేదు. వెడల్పు పెంచే వీలు లేదు. దాంతో లైమింజ్ ఇంటిని లోతుకు నడిపించాడు. ముందు ఒక చిన్న ముంగిలి, దాని వెనక హాలు, ఆ వెనక మరో ముంగిలి, ఇలా ఒకదాని వెనక ఒకటి. దక్షిణ ముఖం ఇరుకైంది గనుక పైకి లేచింది. కప్పు అంచున వంపులు తిరిగే ఇటుక గోడలు, వాటికి అటూ ఇటూ బురుజులు, మధ్యన గోపురం, అన్నీ దగ్గర దగ్గరగా గుమిగూడి ఆకాశంలోకి పోతాయి. హాట్‌ఫీల్డ్ గంభీరమైనది, కాదనను. అయినా రెంటినీ పక్కపక్కన పెడితే, ఇరుకులో నలిగిన బ్లిక్లింగ్‌లోనే కట్టినవాడి చేయి బాగా పండిందని నా అభిప్రాయం.

కప్పు అంచుల్లో కనిపించే ఆ వంపుల గోడలను డచ్ గేబుల్స్ అంటారు. నార్ఫోక్ తీరానికి హాలండ్ ఎంత దగ్గరో అవి చెబుతాయి. కిటికీలు పెద్దవి, రాతి పట్టీలతో గళ్ళుగా విడదీసినవి. గాజు ఖరీదైన ఆ రోజుల్లో ఎంత గాజు ఉంటే అంత గొప్ప.

ముంగిట

ఈ ఇంటిని రోడ్డు మీద నుంచే చూడవచ్చు. ఇంగ్లండులో చాలా కంట్రీ హౌస్‌లు మైళ్ళ కొద్దీ తోటల వెనక దాక్కుంటాయి. ఇక్కడ పల్లె దారిలో నడుస్తుంటే ఒక మలుపులో చెట్లు విడిపోతాయి, పచ్చిక చివర ఇల్లు నిలువెత్తున ఎదురవుతుంది. రెండు పక్కలా నౌకర్లకూ గుర్రాలకూ కట్టిన పొడవాటి ఇటుక శాలలు ఉన్నాయి, వాటికీ వంపు గోడలే. వాటి వెంట మనిషి లోపలికి నడిచేంత మందంగా పెరిగిన యూ చెట్ల కంచెలు ఉన్నాయి. ఆ పచ్చని గోడల మధ్య ఎర్రని ఇల్లు చిత్రపటానికి చట్రం కట్టినట్టు కుదురుతుంది.

అగడ్తలో ఇప్పుడు నీళ్ళు లేవు, మొక్కలున్నాయి. దాని మీది వంతెనకు కాపలాగా రెండు రాతి ఎద్దులున్నాయి. ఎద్దు హోబార్ట్ కుటుంబపు చిహ్నం. ద్వారం మీద కమాను, ఇరువైపులా స్తంభాలు, గ్రీకు రోమన్ నమూనాల నుంచి పుస్తకాల ద్వారా తీసుకున్న అలంకారాలు ఉన్నాయి. ఆ నమూనాలను లైమింజ్ స్వేచ్ఛగా, పండుగ అలంకరణలా వాడాడు. సరిగ్గా అదే కాలంలో, 1619లో, ఇనిగో జోన్స్ లండన్‌లో బాంకెటింగ్ హౌస్‌ను ఇటాలియన్ శాస్త్రం ప్రకారం మొదలుపెట్టాడు. దాని ముందు బ్లిక్లింగ్ కొద్ది ఏళ్ళలోనే పాతకాలపు ఇల్లు అయిపోయింది.

హోబార్ట్ 1625 డిసెంబరులో చనిపోయాడు. కట్టించిన ఇంట్లో ఆయన గడిపిన కాలం కొద్దిపాటే.

నూటఇరవైమూడు అడుగుల గది

లోపల తప్పక చూడవలసింది తూర్పువైపు మేడ మీది లాంగ్ గ్యాలరీ. పొడవు 123 అడుగులు. వాన ఎక్కువగా పడే దేశంలో దొరసానులూ దొరలూ బయటికి పోకుండా నడవడానికీ అతిథులతో కబుర్లాడడానికీ కట్టుకునే గది ఇది. దీని కప్పును 1620లో ఎడ్వర్డ్ స్టాన్యన్ అనే గచ్చు పనివాడికి అప్పగించారు.

తలెత్తి చూస్తే మొదట కనిపించేది గచ్చుతో అల్లిన వెడల్పాటి పట్టీల జాలం. పట్టీల మధ్య గళ్ళు, గళ్ళలో బొమ్మలు ఉన్నాయి. నడుమ వరసలో చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ అనే అయిదు ఇంద్రియాలు స్త్రీ రూపంలో ఉన్నాయి, వాటితోపాటు విద్యాదేవి ఉంది. పక్క గళ్ళలో అంతు చిక్కని పొడుపుకథల వంటి బొమ్మలున్నాయి. ఒక గడిలో బట్టలు లేని స్త్రీ డ్రాగన్ మీద స్వారీ చేస్తుంది, అది సౌందర్యానికి సంకేతం. ఇవి హెన్రీ పీచమ్ 1612లో అచ్చువేసిన ‘మినర్వా బ్రిటానా’ అనే పుస్తకంలోని చిత్రాలను చూసి చేసినవి. ఆ పుస్తకంలో ప్రతి బొమ్మకూ ఒక పద్యం, ఒక నీతి ఉంటాయి. చదువుకున్న అతిథి పచార్లు చేస్తూ తలెత్తి ఒక్కో బొమ్మనూ విప్పుకోవాలి. నాలుగు వందల ఏళ్ళుగా ఇంత బరువైన గచ్చు తల మీద నిలిచి ఉండడం ఆ పనివాడి గొప్పతనం. కిటికీల వెలుగు పక్కనుంచి పడేటప్పుడు ఆ బొమ్మల ముక్కులు, వేళ్ళు నీడలతో సహా తేలుతాయి.

1740ల్లో ఈ గది గ్రంథాలయమైంది. బంధువు సర్ రిచర్డ్ ఎల్లిస్ నుంచి పన్నెండు వేలకు పైగా పుస్తకాలు వారసత్వంగా రావడంతో గోడల పొడవునా అల్మరాలు లేచాయి. వాటిలో పదో శతాబ్దపు పాత ఇంగ్లీషు ధర్మోపదేశాల రాతప్రతి ఒకటి ఉండేది. దాన్ని పండితులు ఇవాళ్టికీ ఈ ఇంటి పేరుతోనే ‘బ్లిక్లింగ్ హోమిలీస్’ అంటారు. వారసత్వపు పన్ను కట్టడానికి 1932లో దాన్ని న్యూయార్క్‌లో అమ్మారు. అది ఇప్పుడు ప్రిన్స్‌టన్‌లో ఉంది.

పాతదానికి ఒదిగిన కొత్త పని

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు దొరలు జాకోబియన్ ఇళ్ళను చూసి మొహం చిట్లించేవారు. చాలామంది వాటిని కూల్చి తెల్లని స్తంభాల ఇళ్ళు కట్టారు. హోబార్టుల ఆడపడుచు, రెండో జార్జి రాజుకు ప్రియురాలైన హెన్రియెటా హోవార్డ్ కూడా 1720ల్లో థేమ్స్ ఒడ్డున మార్బుల్ హిల్‌ను అలాగే కట్టుకుంది. ఆమె మేనల్లుడు జాన్ హోబార్ట్, బకింగ్‌హామ్‌షైర్ రెండో ఎర్ల్, మాత్రం వేరే దారి పట్టాడు. బ్లిక్లింగ్‌లో శిథిలమైన పశ్చిమ, ఉత్తర భాగాలను తిరిగి కట్టాల్సి వచ్చినప్పుడు నార్విచ్ బిల్డర్లు థామస్ ఐవరీ, విలియం ఐవరీలను పిలిచి, లైమింజ్ పనికి పొసిగేలా ఇటుకలోనే, బురుజులతోనే కట్టించాడు. పక్కవాళ్ళు పాతదాన్ని చూసి సిగ్గుపడుతున్న కాలంలో దానితో కొత్తదాన్ని కలిపి కుట్టడం మెచ్చుకోవలసిన పని.

ఐవరీలే హాలులోని చెక్క మెట్లకు ఇప్పటి రూపం ఇచ్చారు. లైమింజ్ నాటి మెట్లు మరోచోట ఒకే వరసగా ఉండేవి. వాటిని 1760ల్లో హాలులోకి మార్చి, ఎదురుగా అదే తీరున మరో వరస కొత్తగా చెక్కి, నడుమన పుట్టి రెండు పాయలుగా చీలి పైకెక్కేలా చేశారు. ఏది పాతదో ఏది కొత్తదో తేల్చడానికి నిపుణులే తడుముకోవాలి. హాలు గోడ మీద ఆన్ బొలీన్, ఆమె కూతురు ఎలిజబెత్ రాణి బొమ్మలు నిలువెత్తున చెక్కి ఉన్నాయి.

ఎర్ల్ 1762 నుంచి 1765 వరకు రష్యాలో రాయబారి. వచ్చేటప్పుడు కేథరిన్ రాణి అతనికి గుర్రం మీద పీటర్ చక్రవర్తి పొల్టావా యుద్ధంలో విజయం సాధిస్తున్న నేత పటాన్ని కానుకగా ఇచ్చింది. దాన్ని వేలాడదీయడానికే ఉత్తర భాగంలో ఒక పెద్ద గది కట్టించాడు. గోడకు పటం వెతకడం అందరూ చేసేదే, పటానికి గోడ కట్టడం తక్కువమందికే చెల్లుతుంది. ఆయన 1793లో చనిపోయాక జోసఫ్ బొనోమీ గీసిన పిరమిడ్ ఆకారపు సమాధి తోటలో లేచింది. ఎస్టేటులో మైలు పొడవు చెరువు, నారింజ మొక్కలను చలికాలంలో దాచే గాజు కిటికీల ఇల్లు కూడా ఉన్నాయి. గడియారపు గోపురాన్ని 1820ల్లో జాన్ ఏడీ రెప్టన్ తిరిగి కట్టాడు. దూరం నుంచి చూసేవాళ్ళు అది లైమింజ్ పనే అనుకుంటారు.

చివరి యజమాని

1850లో ఈ ఆస్తి కెర్ కుటుంబానికి, అంటే లోథియన్ మార్క్వెస్‌లకు చేరింది. చివరి యజమాని ఫిలిప్ కెర్, పదకొండో మార్క్వెస్. మన దేశ చరిత్రలో ఆయన పేరు మరో సందర్భంలో వస్తుంది. 1932లో ఓటు హక్కు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి వచ్చిన సంఘానికి అధ్యక్షుడు ఆయనే, అదే లోథియన్ కమిటీ. దాని సిఫారసుల ఆధారంగా 1935 భారత ప్రభుత్వ చట్టం ఓటర్ల సంఖ్యను మూడు కోట్లు దాటించింది. 1937లో మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల్లో మొదటిసారి ఓటు వేసిన రైతుల్లో, స్త్రీలలో చాలామందికి ఆ హక్కు ఆ దారిలో వచ్చిందే. జవాహర్‌లాల్ నెహ్రూ 1938లో బ్లిక్లింగ్‌లో ఆయన అతిథిగా ఉన్నాడు.

పన్నులు పెరిగి దొరల కుటుంబాలు ఇళ్ళు నిలుపుకోలేకపోవడం లోథియన్ స్వయంగా అనుభవించాడు. 1934లో నేషనల్ ట్రస్ట్ సభలో ఈ ఇళ్ళను కాపాడే ఉపాయం చేయమని గట్టిగా మాట్లాడాడు. 1937 చట్టం ట్రస్టుకు ఇళ్ళను ఎస్టేటుతో సహా స్వీకరించే వీలు కల్పించింది. అమెరికాలో బ్రిటన్ రాయబారిగా ఉండగా 1940 డిసెంబరులో ఆయన చనిపోయాడు. వీలునామా ప్రకారం ఇల్లు, భూములు ట్రస్టుకు వచ్చాయి. ఆ పథకం కింద చేరిన మొదటి పెద్ద ఇల్లు ఇదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దగ్గరలోని ఔల్టన్ విమానస్థావరం వాయుసైనికులు ఇక్కడ విడిది చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో వందల కొద్దీ కంట్రీ హౌస్‌లు కూల్చివేతకు గురయ్యాయి. బ్లిక్లింగ్ మిగిలింది, జనం కోసం తెరిచి ఉంది.

ఇంటి పక్కనే సెయింట్ ఆండ్రూస్ చర్చి ఉంది.  హాట్‌ఫీల్డ్ నుంచి వచ్చిన లైమింజ్ 1628లో ఇక్కడే చనిపోయాడు. ఆ ఊరి చర్చి రికార్డులో, ఖననం వివరాల దగ్గర, అతని పేరు పక్కన ‘బ్లిక్లింగ్ హాల్ వాస్తుశిల్పి, నిర్మాత’ అని రాసి ఉంది.